ఎండకు పెట్టిన పుస్తకాలు

నిన్నటి వానకు మనవరాలి సంచి తడిసిపోయింది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం అట్ట ఉబ్బిందని మిద్దె మీద ఎండకు పెట్టి కాలేజీకి పోయింది. మధ్యాహ్నం దాన్ని తేవడానికి మెట్లెక్కాను. చేతిలోకి తీసుకోగానే కాగిన అట్ట వాసన, బంక వాసన గుప్పుమన్నాయి. కాసేపు అక్కడే గోడకానుకొని కూర్చుండిపోయాను. ఆత్మకూరులో కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో ఆ వాసన నాకు వారం వారం తగిలేది. అది తగిలిందంటే రూతమ్మ టీచరు గుర్తుకు రాక తప్పదు. ఆమె ఎవరో నా మనవరాలికి తెలియదు, ఈ కాలంలో ఎవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకా తెల్లదొరల ఏలుబడి. రూతమ్మ టీచరు మిషన్ బడిలో చదువు చెప్పేవారు. వాళ్ల తండ్రి ఊరికి దూరంగా ఉండే పేటలో పుట్టి, కిరస్తానంలో కలిసి, కూతురిని చదివించాడు. బడి పక్కనే ఆమెకు రెండు గదుల ఇల్లు, ముందు చిన్న పంచ. ఆదివారం గుడి ప్రార్థన ముగిశాక, మధ్యాహ్నం పూట ఆ పంచలో ఆడవాళ్లకు అల్లిక నేర్పేవారు. అల్లిక అనేది ఇంట్లోవాళ్లకు చెప్పుకునే మాట. దారం, సూది ఒళ్లో ఉండేవి, మనసంతా పుస్తకాల మీద ఉండేది. జీతంలో మిగిల్చి మద్రాసు నుంచి కొత్త నవలలు తెప్పించేవారామె. మాకు ఒక్కటే కట్టడి. పుస్తకం తిరిగి ఇచ్చేవాళ్లు అందరి ముందరా మాట్లాడాలి. కథ చెబుదామని ఎవరైనా మొదలుపెడితే వెంటనే ఆపేసేవారు. "కత మాకూ చదవనొచ్చు. నీకేమనిపించిందో అది చెప్పు. ఎవరికిస్తే బాగుంటాదో అదీ చెప్పు" అనేవారు.

గాజులమ్మే ఖాజాబీ నోరు విప్పిందంటే పంచంతా పొట్ట చెక్కలయ్యేది. ఆ బడిలోనే నాలుగు తరగతులు చదువుకున్న మనిషి. ఒకసారి ఒక రాజకుమారి కథ తిరిగిస్తూ, "బాగుండాది టీచరమ్మా, కాదనను. కానీ ఆ పిల్ల మాటిమాటికీ మూర్ఛపోతాది. ఆమె లేసేదాకా కాసుకోని కూర్చునేకి నాకు తీరల్ల గదా" అంది. మరి ఎవరికిద్దాం అని టీచరమ్మ అడిగితే నావైపు వేలు చూపించింది. "దీనికియ్యండి. కొత్తగా పెండ్లయింది, ఇదీ సగం మూర్ఛలోనే ఉండాది." సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పుస్తకం మాత్రం గట్టిగా పట్టుకున్నాను.

ఇక మా అత్త సుబ్బమ్మ సంగతి చెప్పాలి. మా మామది ధాన్యం అంగడి, ఇంట్లో ఆచారం ఎక్కువ. అల్లిక వస్తే చీరంచులకు పనికొస్తుందని నన్ను పంపేది గాని, టీచరమ్మ ఇంటి వస్తువు నేరుగా గడప దాటకూడదు. వేరేదైతే నీళ్లు చల్లి లోపలికి తెచ్చుకునేవాళ్లం. కాగితం మీద నీళ్లు పడితే ఇంకేముంది? బాగా ఆలోచించి, పుస్తకానికి ఎండే మడి అని తేల్చింది మా అత్త. పొద్దంతా దొడ్డి గోడ మీద ఎండితేగాని నేను ముట్టుకోకూడదు. మా ఎండ సంగతి తెలిసిందే. అట్టలు దొప్పల్లా వంకర తిరిగేవి.

మూడో పుస్తకమో నాలుగోదో తిరిగి ఇచ్చినప్పుడు టీచరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. అందరూ వెళ్లేదాకా ఆగి, "ఎండకు పెడతాండారు, అంతే గదా?" అన్నారు. నేను ఏడ్చేశాను. "నాకు కోపం రాలేదనుకోవద్దు. శానా వచ్చింది. నా చెయ్యి తగిలిందని గదా ఇదంతా. కానీ కోపమొచ్చి పుస్తకాలు దాచిపెట్టుకుంటే నువ్వు చదివేది నిలిచిపోతాది. అది నాకు ఇష్టం లేదు" అన్నారు. తర్వాత ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి సన్నికల్లు కింద పెట్టారు, అట్ట చదునవుతుందని.

అంతలో నా కొంప నేనే ముంచుకున్నాను. ఒకరోజు పొయ్యి దగ్గర నవల పట్టుకొని కూర్చుంటే సంగటి అడుగంటి ఇల్లంతా మాడు వాసన. మా అత్త అపరకాళి అయింది. "ఇంగ ఆ పంచ తొక్కినావంటే నీ మూట గట్టి మీ అమ్మగారింటికి తోలిస్తా!" అంది. మా ఆయన తల్లి ముందర నోరు విప్పే మనిషి కాదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు నేను ఎలా గడిపానో నాకే తెలుసు. ఆ ఇంట్లో నాది అనుకునేది అదొక్కటే. అదీ పోయిందనుకున్నాను.

మూడో వారం ఖాజాబీ గాజుల మలారంతో వచ్చింది. మా అత్త చేతికి గాజులెక్కిస్తూ, మలారం అడుగు నుంచి ఒక లావుపాటి పుస్తకం తీసింది.

"సుబ్బమ్మత్తా, ఇది టీచరమ్మ ఇచ్చి రమ్మన్నారు. కోడలికి కాదు, నీకు."

"నాకా? నాకు అచ్చరం ముక్క రాదని ఊరంతా తెలుసు. ఎగతాళి చేస్తాండాదా?"

"చదివేది కోడలు, వినేది నువ్వు. దీంట్లో ఒక అత్త ఉండాది. ఆమె చేసింది న్యాయమా, అన్యాయమా? అత్తరికం చేసినోళ్లే చెప్పల్ల, సుబ్బమ్మక్కనడుగు అనిరి."

మా అత్త ఆ పుస్తకాన్ని ఎగాదిగా చూసింది. చివరికి, "గోడ మీద పెట్టు. ఎండనీ" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం శనక్కాయలు వలవడానికి కూర్చున్నాం. నేను వలవడం మానేసి చదివాను. కథలో అత్త కోడలికి పాలు దొరక్కుండా తాళం వేస్తుంది. మా అత్త చేతిలోని కాయలు కింద పారేసింది. "పాలకు తాళమేందే? రాసినోడు ఎప్పుడన్నా వంటింట్లో కూర్చున్నాడా? అత్తలంటే అంత అలుసా?" అని పోట్లాటకు దిగింది. ఆ మాటలన్నీ ఖాజాబీతో టీచరమ్మకు చెప్పి పంపింది. అక్కడి నుంచి వెంటనే జవాబు వచ్చింది: "శానా బాగా చెప్పినావక్కా. నాకొక్కదానికే చెబితే ఎట్ల? వచ్చి అందరికీ చెప్పు." మా అత్త మూతి తిప్పింది. అయినా ఆ రోజంతా ముఖం వెలిగిపోతూనే ఉంది, నేను చూశాను.

మొదటి భాగం చివర్లో కోడలు బిడ్డను చంకనేసుకొని వానలో ఇల్లు వదిలి పోతుంది. అత్త గడపలో నిలబడి చూస్తూ ఉంటుంది. అక్కడ ఆపేశాడు రచయిత, పుణ్యాత్ముడు! "పిలిచిందా, లేదా?" అని మా అత్త నన్ను నిద్ర పోనిస్తే ఒట్టు. రెండో భాగం ఖాజాబీ తెచ్చి ఇవ్వగానే అలవాటు కొద్దీ దొడ్డి వైపు నడిచాను.

"యాడికే?" అని వెనక నుంచి కేక.

"గోడ మీద పెట్టేకి, అత్తా."

"ఎండా లేదు, గిండా లేదు. ఇట్ల తే. ఆ పిల్ల ఏమాయనో చదువు!"

అది చదవడం ముగిశాక వచ్చిన ఆదివారం అల్లిక సంచి పట్టుకొని మా అత్త నాకంటే ముందు నడిచింది. పంచ మెట్టు దగ్గర మాత్రం ఆగింది. టీచరమ్మ రమ్మని బతిమాలలేదు. చాప ఒక పక్కకు జరిపి, "సుబ్బమ్మక్కా, నీకేమనిపించింది?" అని అడిగారు, అంతే. మా అత్త నిలబడే మొదలుపెట్టింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎప్పుడు చాప మీద కూర్చుందో ఆమెకే తెలియదు. పాలకు తాళం దగ్గర నుంచి ఒక్కొక్కటే దులిపింది. ఆఖరికి కథ ముగింపు మీద పడింది. అందులో అత్త చనిపోబోతూ కోడలి చేతులు పట్టుకొని క్షమించమంటుంది. పంచలో సగం మంది ఆ చోట ఏడ్చినవాళ్లే.

"నాకు నచ్చలేదు. చచ్చే ముందర మంచిదాయనంట! బతికుండంగా మంచిదయ్యేకి ఆమెకేం రోగం?" అంది మా అత్త.

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అనేసి, చేతిలోని దారాన్ని వేలికి చుట్టుకుంటూ ఉంది. తర్వాత తలెత్తి టీచరమ్మను చూసి, "టీచరమ్మా, గొంతెండిపోయింది. రోంత నీళ్లియ్యి" అంది.

ఖాజాబీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. టీచరమ్మ లోపలికి పోయి, అంత చిన్న ఇంట్లో నుంచి బయటికి రావడానికి చాలాసేపు తీసుకున్నారు. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతిలో నిండు చెంబు ఉంది. మా అత్త అందుకొని గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకొని, "ఇంగోటి చెప్పల్ల, ఆ మొగుడు ముండాకొడుకు ఉండాడు చూడు..." అని మళ్లీ అందుకుంది. అప్పుడు నవ్వాం అందరం, కళ్లు తుడుచుకుంటూ.

ఇంటికి వస్తూ దారిలో మా అత్త ఒక్కటే మాట అంది. "ఇంత వయసొచ్చింది. నీకేమనిపిస్తాందని నన్ను ఎవరూ అడిగిండ్లేదు గదే." టీచరమ్మ మా అత్తకు నీతులు చెప్పడం నేనెన్నడూ వినలేదు. అడిగి, చెప్పింది విన్నారు. నాకు ఆమె దగ్గర అబ్బిన చదువు అంతే. ఇప్పటికీ ఎవరైనా వచ్చి ఒక మంచి పుస్తకం చెప్పమంటే, ఈ మధ్య ఏం చదివావు, నీకేమనిపించింది అని ముందు అడుగుతాను. అడిగాక నోరు మూసుకొని వినాలి. నాలాంటి వసపిట్టకు అది ఎంత కష్టమో మా ఇంట్లో ఎవరినైనా అడగండి. అయినా వింటాను.