లచ్చమ్మ ఎడమ కన్ను

2022 మార్చి. దుమ్ముగూడెం దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖానాలో కళ్ల పరీక్షలు చేసేదాన్ని. అడవి పక్క ఊరి నుంచి లచ్చమ్మ తన భర్త భీమయ్యను చెయ్యి పట్టి నడిపించుకుంటూ వచ్చింది. ఆయనకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ కాగితాలు రాస్తూ, ఆమెకేమైనా షుగర్ ఉందా అని మాటవరసకు అడిగాను.

"ఎనిమిదేండ్ల సంది ఉంది మేడం. నా కండ్లకేంది, బియ్యంల రాళ్లు నేనే ఏరుత," అంది నవ్వుతూ.

అరచేత్తో ఎడమ కన్ను మూసుకోమన్నాను. నవ్వు ఆగిపోయింది.

"గిదేంది మేడం, మీ మొకం నడిమిట్ల మసకున్నది!"

చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూశాను. డయాబెటిక్ రెటినోపతి. అంటే షుగర్ వల్ల కంటి వెనక పొర అయిన రెటీనాలో రక్తనాళాలు దెబ్బతినడం. కుడి కంట్లో రెటీనా నడిమి భాగం వాచింది. బాగా కనిపిస్తున్న ఎడమ కంట్లోనూ కొత్తగా పెళుసు రక్తనాళాలు మొలిచాయి. అవి చిట్లితే ఆ చూపూ పోవచ్చు. నొప్పి లేదు కనుక ఆమెకు ఏదీ తెలియలేదు. విడతలవారీగా చేసే లేజర్ చికిత్స కోసం భర్తతో పాటు ఆమెను కూడా ఖమ్మం పంపాను.

భీమయ్యకు ఆపరేషన్ అయింది. లచ్చమ్మ మాత్రం ఒక్క విడత లేజర్ చేయించుకుని మళ్లీ వెళ్లలేదు. ఏప్రిల్‌లో వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటి ముందు లచ్చమ్మ ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"ఆయనకు పట్టీ విప్పంగనే గుట్ట మీది చెట్లు కనబడ్డయ్. నాకు కొత్తగ ఏం కనబడలే. మళ్ల ఎందుకు పోవాలె?" అంది, అలిగినట్టు.

అప్పుడు తెలిసింది నా పొరపాటు. "తప్పు నాదే లచ్చమ్మా. లేజర్ కొత్త చూపు తేదు. ఉన్న చూపు పోకుండా కాపాడుతుంది. ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది."

ఆమె మళ్లీ ఇప్పపువ్వు పరవసాగింది. భీమయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఇన్నేండ్లు నువ్వే నన్ను తిప్పినవ్. రేపు నేను తోల్కపోతా. పొద్దుగాల బస్సుకే పోదాం."

"నీకు బస్సు బోర్డు సదువొస్తదా?"

"సదువు రాకున్నా బస్సయితే కనబడతది కదనే!"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. మర్నాడు ఇద్దరూ వెళ్లారు. మిగిలిన విడతలన్నీ పూర్తయ్యాయి. వాపు తగ్గడానికి కంట్లో సూదులు వేసినా కుడి కన్ను కొంతే తేరుకుంది. ఎడమ కన్ను మాత్రం నిలిచింది. షుగర్ మాత్రలు ఇప్పుడు భీమయ్యే గుర్తు చేస్తాడు. ఏటా ఇద్దరూ పరీక్షకు వస్తారు, దారి పొడవునా పోట్లాడుకుంటూ.

షుగర్ ఉన్నవాళ్లకు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపల చూడాలని నాకు ముందే తెలుసు. లచ్చమ్మ నేర్పింది వేరు. ఇప్పుడు ఎవరిని లేజర్‌కు పంపినా, అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందు చెబుతాను. వాళ్లు "అవ్ మేడం, సమజైంది" అన్నాకే చీటీ చేతికిస్తాను.