ముహూర్తం నాటి కార్బురేటర్

మూడోసారి మోటార్ సైకిల్ కార్బురేటర్ విప్పేసరికి మోచేతుల దాకా పెట్రోలు, ముక్కు మీద మసి. ముహూర్తానికి ఇంకా అరగంట ఉంది. "స్టార్ట్ అవుతోంది కదమ్మా, ఇంకేంటి ప్రాబ్లమ్?" అంటూ ప్రొడక్షన్ మేనేజర్ గారు వాచీ చూసుకుంటూ నా చుట్టూ తిరుగుతున్నారు. "స్టార్ట్ అవుతోందండీ, పరిగెత్తట్లేదు" అన్నాను. కిక్ కొడితే లేస్తోంది. యాక్సిలరేటర్ తిప్పితే మాత్రం డబడబా దగ్గి, పొగంతా నా మొహం మీదికి వదిలి కూలబడుతోంది. జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా పక్కనున్న ఖాళీ స్థలంలో బండరాళ్ల గుట్ట ఒకటుంది. హీరో గారి డూప్ ఆ బండి మీద గుట్టెక్కాలి. అదే సినిమాకి మొదటి షాట్.

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలం కాదు, నాలుగేళ్ల కిందటి మాటే, నా దగ్గర పదో తరగతి మార్కుల మెమో ఒకటి, దాన్ని మించిన ధీమా ఒకటి ఉండేవి. ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకి పాత బండ్లు అద్దెకిచ్చే షెడ్డులో బిల్లులు రాసేదాన్ని. మోతీనగర్ నుంచి రెండు ఆటోలు మారి వచ్చేదాన్ని. షెడ్డు యజమానీ, పెద్ద మెకానిక్కూ ఒకరే. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. ఒకప్పుడు విదేశాల్లో బురదలో, గుట్టల మీద పందేలు ఆడిన మోటార్ సైకిళ్లు ఐదు ఆయన దగ్గరున్నాయి. వాటి మీద ఈగ వాలినా ఊరుకునేవారు కాదు. నేను బిల్లు పుస్తకం చంకలో పెట్టుకుని, ఆయన వెనక నిలబడి చూసి చూసి, ఆ బండ్ల జబ్బులన్నీ నాకు తెలిసిపోయాయనుకున్నాను. (అలా అనుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు.) ఆర్నెల్లు పీడించాక ఆయన ఒప్పుకున్నారు. "సరే బిడ్డా. ముహూర్తం షాట్‌కి గీ బండి నువ్వే తయారుచెయ్. నేను చెయ్యి పెట్ట. గుట్ట ఎక్కిందా, ఇగ కార్బురేటర్ల పని నీదే. ఎక్కలేదా, పోయి బిల్లు బుక్కు ముంగట కూసో, మళ్ల ఈ ముచ్చట తియ్యకు."

ముందురోజు షెడ్డులో ట్యూన్ చేస్తే బండి కత్తిలా పలికింది. ఆ సంతోషంలో పూజకి అలంకరణ కూడా నేనే చేశాను. దండ హ్యాండిల్‌కి వేస్తే డూప్‌కి అడ్డం వస్తుందని, సీటు కింద పక్కనుండే పందెం నంబరు రేకుకి బంతిపూల దండ వత్తుగా చుట్టి కట్టాను. ఫోటోలో నిండుగా ఉంటుందని నా ఆలోచన. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. "షాట్ అయ్యేదాకా దండ తీయకూడదు, సెంటిమెంట్" అని మేనేజర్ గారు చెప్పి వెళ్లారు. అప్పుడు మొదలైంది దగ్గు.

ప్లగ్ తీసి చూస్తే నల్లగా, తడిగా ఉంది. అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఇంతవరకు నా లెక్క కరెక్టే. అక్కడి నుంచి పెట్రోలు తగ్గించడం మీదే పడ్డాను తప్ప, గాలి సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. పెట్రోలు దూరే జెట్టు అని ఒక బుల్లి ఇత్తడి మర ఉంటుంది. మొదటిసారి దాన్ని తీసి చిన్న చిల్లున్నది పెట్టాను. రెండోసారి ఆ జెట్టులోకి దిగి పెట్రోలుని అదుపు చేసే సూది దించాను. మూడోసారి ఇంకా చిన్న జెట్టు పెట్టాను. దగ్గు తగ్గలేదు. ఉస్తాద్ ఒక బండ మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు.

"ఒక్క మాట చెప్పండి ఉస్తాద్."

"నేనీడ లేను బిడ్డా."

రోషం వచ్చింది. ఇవాళ ఇది గుట్టెక్కకుండా నేను ఇంటికి వెళ్లను అనుకుని, బండి పక్కనే కింద కూలబడి, ఒక చేత్తో యాక్సిలరేటర్ తిప్పుతూ చూస్తున్నాను. తిప్పినప్పుడల్లా బంతిపూలు రేకు పక్కకి అతుక్కుంటున్నాయి. వదిలితే ఊడుతున్నాయి. బండి గాలి పీల్చుకునే డబ్బా ఆ రేకు వెనకే ఉంది. పాపం, దాని ముక్కూ నోరూ నేనే మూసేశాను.

దండ మీద చెయ్యి వేయగానే మేనేజర్ గారు పరిగెత్తుకొచ్చారు. "దండ తీస్తున్నావేంటమ్మా?"

"తీయట్లేదండీ, జరుపుతున్నాను" అని సీటు వెనక్కి నెట్టేశాను. గాలి డబ్బాలోని ఫిల్టర్ స్పాంజికి అతుక్కున్న పూరేకులన్నీ గిల్లి పారేశాను. కిక్ కొడితే ఈసారి బండి కీచుమని అరిచి ఆగిపోయింది. గాలి బోలెడుంది, పెట్రోలే చాలట్లేదు. నేను మూడుసార్లు తగ్గించానుగా. సూది పైకెత్తేశాను గానీ మొదటి జెట్టు కావాలి. విప్పిన సామాను పక్కనున్న స్టీలు పళ్లెంలో వేశానని గుర్తుంది. వెతికితే పళ్లెం లేదు. అది హారతి పళ్లెం. పంతులుగారు దాన్ని సంచిలో ఒంపుకుని స్కూటరెక్కేశారు.

గేటు దగ్గర పట్టుకున్నాను. "పంతులుగారూ, మీ సంచిలో నా జెట్టు ఉందండీ."

"దక్షిణ వెనక్కి అడక్కూడదమ్మా."

"దక్షిణ కాదండీ, బండి గుండెకాయ."

ఆయన నా మొహం మీది మసి చూసి జాలిపడి సంచి విప్పారు. "ఇదా? ఎవరిదో చెవిదిద్దు మర అనుకున్నాను. పోగొట్టుకున్నవాళ్లు వస్తారని విడిగా పెట్టానులే" అని చేతిలో పెట్టారు.

జెట్టు బిగించేసరికి ముహూర్తానికి నాలుగు నిమిషాలుంది. క్లాప్ కొట్టారు. బండి ఒక్క దమ్ములో గుట్టెక్కి, పైన గాల్లోకి లేచి దిగింది. లైట్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మేనేజర్ గారు వచ్చి "ఇంతకీ ప్రాబ్లమ్ ఏంటమ్మా?" అన్నారు. జెట్టు సరిపడలేదని చెబితే అయిపోయేది. ఆయన నమ్మేవారు కూడా. కానీ పక్కనే ఉస్తాద్ ఖాళీ గ్లాసు పట్టుకుని వింటున్నారు.

"కార్బురేటర్‌లో ఏం లేదండీ. దండ నేనే గాలికి అడ్డంగా కట్టాను" అన్నాను.

ఉస్తాద్ గ్లాసు బండ మీద పెట్టారు. "నాలుగుసార్లు ఇప్పినవ్, నాలుగుసార్లు సక్కగ బిగించినవ్. ఒక్క మర చెడలే. చేతులకు పని వచ్చింది. కండ్లకు ఇంకా రావాలె. రేపు జల్దీ రా" అన్నారు. ఆ జల్దీ దేనికో, కార్బురేటర్లకో బిల్లు బుక్కుకో చెప్పలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

అప్పటి నా మసి మొహం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. మర్నాడు తెల్లవారకముందే షెడ్డుకెళ్లాను. ఉస్తాద్ వచ్చేలోగా మిగతా నాలుగు బండ్ల గాలి డబ్బాలూ విప్పి, టార్చి వేసి, ఒక్కొక్కదాన్లోకి తొంగి చూశాను. నాలుగూ శుభ్రంగానే ఉన్నాయి. మళ్లీ ఇంకోసారి చూశాను.