ఆ పుల్ల నాది కాదు

చివరి రోజు ఉదయం మా ఆవిడ నూకరత్నం రెండు గుక్కల కాఫీ తాగింది. తెర చిరుగులోంచి వస్తున్న వెలుగు చూసి, "పుల్ల గుచ్చు బావా" అని నవ్వింది. మధ్యాహ్నం పోయింది.

పాత మిత్రులారా, పందొమ్మిది వందల యాభైల్లో మన చోడవరం బడి తాటాకు కప్పు, తడిసిన పలకల వాసన గుర్తున్నాయా? వానకు కప్పు కారేది. పైకెక్కి వెతికితే కన్నం దొరికేది కాదు. అప్పటికింకా నా మేనమామ కూతురు మాత్రమే అయిన రత్నం నా చెవిలో అంది: "మీదెక్కి ఏటెతుకుతారు? ఎండలో తలుపులేసి లోపల్నించి సూడాల. ఎలుగొచ్చిన కాడ పుల్ల గుచ్చితే పైకి కనబడదేటి?"

అలాగే చేశాం. కారడం ఆగింది.

"ఎవడి బుర్రరా ఇది?" అన్నారు మాస్టారు.

"నాదేనండి."

నాకు కలం బహుమతి ఇచ్చారు. చిక్కును తిరగేసి చూడడం ఆమె దగ్గరే నేర్చుకుని, తెలివైనవాణ్ణని జీవితమంతా అనిపించుకున్నాను. ఆ చివరి ఉదయం కూడా తప్పు ఒప్పుకోలేదు.

కొత్తగా ఆలోచించడం ఎలాగో పిల్లలకు చెప్పమని అదే బడివాళ్లు పిలిచారు. రేపు ఉదయం వెళ్లి, ముందుగా రత్నం పేరు చెబుతాను.