ఖాళీ అట్టలు

మతి చెదిరినప్పుడు తమ్ముణ్ణి కొట్టి జైలుకెళ్లిన తాండూరు మనిషికి నేను వైద్యం చేశాను. బెయిలు మీద వచ్చాక అతని తల్లి ప్రతి నెలా గోలీల ఖాళీ అట్టలు తెచ్చి వికారాబాద్‌లో నా టేబుల్ మీద పరిచేది. వాటిని నమ్మి, 'మళ్లీ కొట్టే ప్రమాదం తక్కువ' అని కోర్టుకు రాసిచ్చాను.

మొన్న తమ్ముడి తల పగలగొట్టాడు. పోలీసులకు వాళ్లింట్లో పచ్చడి జాడీ నిండా గోలీలు దొరికాయి.

"నన్నెందుకు మోసం చేసినవమ్మా?" అని అరిచాను.

"గవి ఏస్కుంటే పొద్దంత పండుకుంటుండు సార్. బండల గనిల పనికి ఎట్ల పోతడు?"

నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది. కానీ ప్రతిసారీ అతను ఆమె పక్కనే కూర్చునేవాడు. "గోలీలు ఏస్కుంటుండా?" అని నేను ఆమెనే అడిగేవాణ్ణి.