కొండ అంటుకుంటే దారి ఎటు

పెనుకొండలో మా ఇల్లు కొండకు వీపు ఆనించి కునుకు తీసేది. ముందు కొట్టు, కొట్టు వెనక ఇల్లు, పెరట్లో గడ్డివాము, ఆ పైన ఇక కొండే. ఎండాకాలం చివర్లో గొర్రెలకాపరులు వానకు కొత్త గడ్డి లేవాలని కొండమీది ఎండిన బోదగడ్డికి నిప్పు పెట్టేవాళ్లు. పొద్దు గుంకేవేళకు ఆ మంట ధర్మవరం చీర అంచులా కోటగోడల మీదుగా సాగేది. బూడిద మా వాకిట్లో చప్పుడు లేకుండా రాలేది. నాకది భయం కంటే కలలాగే ఉండేది.

ఒక ఏడు గాలి మళ్లి, మా వీధి చివర వాము ఒకటి కాలిపోయింది. అప్పటినుంచి నాయనకు ఒకటే దిగులు, అవ్వ గురించి. ఆమెకు కాళ్లు పడిపోయి చాన్నాళ్లయింది. మంట కిందికి దిగితే ఆమెను ఎట్లా బయటికి చేర్చాలి?

ఆ సంగతి తేల్చడానికి కొట్లో కూర్చున్నాం. నాకప్పటికి మీసాలు వచ్చాయి, హిందూపురం సంతలో చింతపండు బేరమాడి గెలిచిన పొగరూ వచ్చింది. నాయన పెరట్లోంచి పక్కసందు అన్నాడు. అది మంటకు ఎదురుపోవడమే, పైగా సందులో అవ్వ మంచం పట్టదన్నాను. బేరం సాగి సాగి, కొట్లోంచే వీధిలోకి దిగి, రొద్దం దారి పట్టి, శనక్కాయలు పీకేసిన బోడిచేలకు చేరుకోవాలని తెగింది. అక్కడ కాలడానికి ఏమీ ఉండదు. అవ్వ మాత్రం తన రోలు లేనిదే కదలనంది. రోలు దగ్గర మొదలైన ఆమెను ఆకువక్కల సంచీ దాకా దించి, నా అంత బేరగాడు ఈ జిల్లాలోనే లేడనుకున్నాను.

మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం వీధిలో కేకలు వినిపించాయి. మంట మా వాము మీదికి దిగుతోంది. నాయనా నేనూ ఒక్కసారే లేచాం. వీధిలో గలాటా అయితే అంగడివాళ్ల చేతులకు తెలిసిన పని ఒకటే. కొట్టు మూసేశాం. కొట్టుకు తలుపులుగా ఉండే చెక్కపలకల్ని ఒక్కొక్కటే గాడిలో దోపి, లోపలినుంచి అడ్డకమ్మి బిగించి, ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగాం.

అవ్వ ఒళ్లో సంచీతో మంచం మీద సిద్ధంగా కూర్చుని మమ్మల్నే చూస్తోంది.

"ఏమబ్బా, దారి ఈడే అంటిరి కదా. మూస్తాండారేమి?"

అప్పటికే పెరటి పొగ ఇంట్లోకి వచ్చేసింది. పలకలన్నీ తీసేదాకా ఆగేట్టు లేదు. రెండు ఊడదీస్తే మనిషి పట్టే సందు అయింది గానీ, మంచం పట్టదు. నాయన ఊడిన పలకనే నేలమీద పరిచాడు. దానిమీద అవ్వను పడుకోబెట్టి, తలవైపు ఆయన, కాళ్లవైపు నేను పట్టుకుని వీధిలోకి జారాం.

"చింతపండు మూట కాదురా, మెల్లగా," అంది అవ్వ.

బోడిచేలో పలక దించాం. వాము మొత్తం తిని, మంట మా గోడ దగ్గరే ఆగిపోయిందని ఎవరో వచ్చి చెప్పారు. నాయన కూలబడ్డాడు. అవ్వకు ఆ మాటలు పట్టలేదు. కొండ నీడలోనే బతికినా, కాళ్లు పడిపోయాక ఆమె కొండ మొహం చూడలేదు. ఎర్రటి అంచు కదులుతుంటే కళ్లార్పకుండా చూస్తూ ఆకు నములుతోంది. ఆమె తెల్లజుట్టు మీద బూడిద రాలుతోంది.

తర్వాతి ఏడు కాపరులు నిప్పు పెట్టిన సాయంత్రం, మంట ఎక్కడో పైనే ఉండగా అవ్వ సంచీ ఒళ్లో పెట్టుకుంది. ఇంకా భయం లేదవ్వా అన్నాను.

"భయమని ఎవురన్నారు? కొంచేపు చూసి వస్తాం. పలక తియ్యి."

నా జన్మలో ఆ ఒక్కసారే, బేరమాడకుండా తీశాను.