బోర్లా పడుకున్న తేదీ

ఠంగ్. ఠంగ్. ఠంగ్. కాసేపాగి, డొప్పు.

కమలాపురం బయట బండల అంగడిలో ఆ చప్పుడు పొద్దున్నుంచీ వినిపిస్తూనే ఉంది. మంచి బండను తడితే దాని లోపలెక్కడో ఒక గంట నిద్రలేస్తుంది. పగులున్న బండ జలుబు చేసినవాడిలా పలుకుతుంది. అంగడి యజమాని శేషన్న చాలాసేపు ఓర్చుకుని, చివరికి వరసల చుట్టూ తిరిగి వచ్చి చూశాడు. కొంగు నడుముకు దోపుకొని, తాపీ పిడితో ఒక్కో బండనూ తట్టి చెవి ఆనిస్తోంది జీవమ్మ.

“బండలు కొంటాండావా, జ్వరం చూస్తాండావా, మ్మే?”

“రెండూ. నీ బండల్లో మూడింటికి జ్వరముండాది శేషన్నా. అట్ల పక్కన పెట్టినా, చూసుకో.”

జీవమ్మకు యాభై ఆరేళ్లు. అందులో ముప్పై ఏళ్లు ఇతరుల ఇళ్లకు సిమెంటు బొచ్చెలు మోసింది. ఊళ్లో ఏ ఇంటికి ఎక్కడ పగులుందో, దానికి ఏ రంగు పూసి దాచారో ఆమెకు తెలుసు. గృహప్రవేశం భోజనాలకు పిలిస్తే, అందరూ విస్తరి వంక చూస్తుంటే తను పైకప్పు వంక చూస్తూ తినేది. ఇప్పుడు తన ఇల్లు కట్టుకుంటోంది. జీవితంలో ఒక్కటే ఇల్లు, అదీ ఒక్కసారే. పగలకూడదు. ఆమె కోరిక అంతే.

అందుకని మొదట గోడలు కట్టలేదు, నీళ్ల తొట్టి కట్టింది. తడపడానికి నీళ్లు లేని ఊళ్లో ఇల్లు మొదలుపెట్టడం పాలు లేకుండా బిడ్డను కనడంలాంటిదని ఆమె అభిప్రాయం. తర్వాత పునాది. వాళ్లుండే పేటది నల్లరేగడి నేల. ఎండలకు నోరు తెరుస్తుంది, వానలకు ఉబ్బుతుంది. దాని మీద ఇళ్లు పడవల్లాగే ఊగుతాయి, కాకపోతే పదేళ్లకొక ఊపు. మేస్త్రి గిడ్డయ్య నాలుగడుగులు తవ్వించి చాలన్నాడు. జీవమ్మ గుంతలోకి దిగి, మడమతో నేలను తన్ని చూసింది.

“ఇంకా మెత్తగుండాది గిడ్డన్నా.”

“ఇంకా తవ్వితే బావి అయితాది. ఇల్లు కావాల్నా, బావి కావాల్నా?”

“గట్టినేల కావాల. యాడుంటే ఆడిదాకా పో.”

గట్టినేల ఏడడుగుల లోతున తగిలింది. ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి బండ మీద కట్టిన ఇంటి గురించి చెప్పినప్పుడల్లా, ఆ బండ ఎన్నడుగుల లోతున తగిలిందో మాత్రం చెప్పరేమని ఆమెకు ఎప్పటినుంచో అనుమానం.

స్లాబు వేసే రోజు గిడ్డయ్య బూడిద గుమ్మడికాయ తెచ్చాడు. జీవమ్మ భర్త ప్రేమయ్య చర్చి సంఘంలో పెద్ద. ముఖం చిట్లించాడు. గిడ్డయ్య తగ్గలేదు. “మీ ప్రార్థన మీరు చేసుకోండప్పా. నా కాయ నేను కట్టుకుంటా. ఏదో ఒకటి పనిచేస్తాది.” జీవమ్మకు ఇది నచ్చింది. ఒక బరువుకు రెండు కట్టెలు పెట్టడం పనివాళ్ల పద్ధతే కదా.

ఇన్ని ముందుచూపుల మనిషి ఒక్కచోట జారింది. ఆ పేటలో ఇంటి రాయి ముందు చెక్కిస్తారు, ఇల్లు తర్వాత కడతారు. తేదీ కళ్లెదుట ఉంటే మేస్త్రి భయపడి పనిచేస్తాడని నమ్మకం. శేషన్న అంగడిలో అన్నిటికన్నా బాగా మోగిన బండను ఏరి, దాని మీద భార్యాభర్తల పేర్లు, కింద గృహప్రతిష్ఠ ప్రార్థన తేదీ చెక్కించారు. చర్చిలో కోతల పండుగ జరిగే ఆదివారం. కడప నుంచి పెద్ద అయ్యగారు వచ్చేది ఆ రోజే. గిడ్డయ్యకు చదువు రాదన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు.

పునాది మూడడుగులు ఎక్కువ తవ్వినందుకు పని వెనకబడింది. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. పండుగ ముందటి శనివారం నాటికి స్లాబు వేసి పన్నెండు రోజులే. కింది కట్టెలు తీయడానికి జీవమ్మ లెక్క ఇరవై ఒక్క రోజులు. ఇంటి నిండా స్లాబును మోసే సెంట్రింగు కట్టెలు, గదుల్లో నీలగిరి తైలం చెట్ల అడవి మొలిచినట్టు. ఆ శనివారం పొద్దున కట్టెలు పీకడానికి గిడ్డయ్య గడ్డపార పట్టుకొచ్చాడు, వెనకే ప్రేమయ్య.

జీవమ్మ చేట తీసుకొని ముందుగదిలో నడిమి కట్టెకు వీపు ఆనించి కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరసాగింది.

“లెయ్యే. ముందుగది ఒక్కటే తీస్తాడు,” అన్నాడు ప్రేమయ్య.

“తీయమను. నేనీడనే కూచుంటా.”

“డెబ్బై ఇళ్లకు చెప్పినా. రాయి మీద పేరుండాది. నా పరువేం గావాల?”

“పరువు పడితే లేపుకోవచ్చులే. ఇది పడితే ఎవరు లేపుతారు?”

గిడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. “పన్నెండు రోజులకు తీసినోళ్లు శానామంది ఉండారు జీవమ్మా. అన్నీ పడినాయా?”

“రాయచోటిలో తొమ్మిదో రోజు తీస్తివే, పెండ్లి ఉండాదని. ఆ వరండా కింద ఎవరుండ్రి గిడ్డన్నా?”

గిడ్డయ్య ఆమె ఎడమ భుజం వైపు చూడలేదు. ఆ భుజం కుడి భుజం కన్నా రెండంగుళాలు కిందికి ఉంటుంది. అతను గడ్డపారను నెమ్మదిగా గోడకు ఆనించి, బయటికి పోయి బీడీ ముట్టించుకున్నాడు.

మధ్యాహ్నం, పండుగకని ఒకరోజు ముందే ఊళ్లో దిగిన పెద్ద అయ్యగారే వచ్చారు, ప్రేమయ్య తీసుకొస్తే. ఎత్తు మనిషి. కట్టెల మధ్య పక్కకు తిరిగి, వంగి, రెండుసార్లు నుదురు కొట్టుకొని జీవమ్మ దగ్గరికి చేరారు.

“ఏమ్మా, ప్రార్థనకు అడ్డం కూచున్నావంట?”

“ఇల్లు ఇంకా పచ్చిది అయ్యగారూ. నీళ్లాడి పన్నెండు రోజులైన బాలింతను లేపి పెండ్లికి నడిపిస్తారా?”

అయ్యగారు పైకప్పు వంక చూశారు. సెంట్రింగు పలకల సందుల్లోంచి, స్లాబు తడిపిన నీళ్లు ఒక బొట్టు ఆయన కళ్లద్దాల మీద పడింది. నుదురు రుద్దుకుంటూ నవ్వారు. “పందిట్లో ప్రార్థన చేద్దాం ప్రేమయ్యా. గృహప్రతిష్ఠ మీ అయ్యగారు తర్వాత చేస్తారు. నాకీ తలకాయ ఒక్కటే.”

అలాగే జరిగింది. డెబ్బై ఇళ్లవాళ్లూ బయట పందిట్లో తిని, లోపలి కట్టెలు చూసి ఎవరికి తోచింది వారు అనుకొని పోయారు. ప్రేమయ్య పది రోజులు భార్యతో మాట్లాడలేదు. ఆమె ఇరవై ఒకటో రోజు కట్టెలు తీయించింది. ఆ కప్పు పన్నెండో రోజు పడేదో, నిలిచేదో ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఎప్పటికీ తెలియకుండా ఉండాలనే ఆమె అంత పోరాడింది.

మిగిలింది తప్పు తేదీ ఉన్న రాయి. కొత్త తేదీ చెక్కించాలన్నాడు ప్రేమయ్య. చెక్కిన రాయిని మళ్లీ చెక్కితే పలచబడుతుందంది జీవమ్మ. ఒకనాడు తెల్లారేసరికి అది పెరట్లో కొళాయి కింద బోర్లా పరిచి ఉంది.

“నా పేరు కిందికి పోయె గదే,” అన్నాడు ప్రేమయ్య.

“నా పేరూ పోయిందిలే. ఇద్దరం ఒకచోటనే ఉండాం.”

రెండేళ్లయింది. గోడల మీద వెంట్రుక పాటి పగులు కూడా లేదు. జీవమ్మ మాత్రం ఇప్పటికీ వానాకాలం మొదట్లో ఒకసారి గోడ గోడనూ తట్టి వింటుంది. ఆ బండను తట్టదు. దాని గొంతు ఆమెకు తెలుసు.

ఈ సంగతులన్నీ వాకిట్లోనే అడిగి రాసుకొని, బురద కాళ్లతో ఇంట్లోకి గడప దాటబోయిన మనిషిని ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

“ఆగప్పా. పెరట్లోకి పోయి ఆ బండ మీద నిలబడి కాళ్లు కడుక్కో. తేదీ ఒక్కటే తప్పు, రాయి శానా మంచిది.”