డా నాంగ్ నుంచి సీతాఫల్‌మండికి, తొమ్మిదో రోజు మీదుగా

వియత్నాం నుంచి సికింద్రాబాద్ రావడం పెద్ద పనేమీ కాదు. డా నాంగ్‌లో మధ్యాహ్నం విమానమెక్కి, కౌలాలంపూర్‌లో మారితే, మన టైము ప్రకారం రాత్రి పదింటికి శంషాబాద్‌లో దిగొచ్చు. మా అత్తమ్మ, మా ఆయన, మా అమ్మాయి, నేను, మా నలుగురికీ మాత్రం హోటల్ నుంచి ఇంటికి నలభై అయిదు గంటలు పట్టింది. అందులో చివరి ఇరవై నాలుగు గంటలు మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల లోపే గడిపాం.

అసలు ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో ముందు చెప్పాలి. ఏడాదిగా నాకు గర్భసంచిలో గడ్డలు. రక్తం తగ్గిపోయి, బడిలో లెక్కల క్లాసుకి రెండంతస్తులు ఎక్కేసరికి కళ్లు తిరిగేవి. ఆపరేషన్ చేసి తీసెయ్యాలని, తీసిన గడ్డను పరీక్షకు పంపితే గాని ఏ సంగతీ చెప్పలేనని డాక్టరమ్మ అంది. మే నెలలో సెలవులున్నాయి కదా అని తేదీ ఖాయం చేసుకున్నాం. “ఆలోపు ఒకసారి ఎక్కడికన్నా పోయొద్దాం,” అన్నారు మా ఆయన. ఆయన మనసులో ఏముందో నాకు తెలుసు, నా మనసులోనూ అదే ఉంది. ఇద్దరం పైకి అనలేదు. డాక్టరమ్మ సరేనంటూనే రెండు మాటలు చెప్పింది. బరువులు ఎత్తొద్దు. తిరిగొచ్చాక ఆదివారమంతా మంచం దిగకుండా పడుకుని సోమవారం ఎనిమిదింటికల్లా వచ్చి చేరాలి.

మా అత్తమ్మ టికెట్లు కొనేటప్పుడే తన షరతు తనూ పెట్టింది. “ఎనిమిదో దినం రాత్రికి ఇంట్ల పడాలె. లేదంటే పదో దినం. తొమ్మిదో దినం మాత్రం గడప తొక్కొద్దు.” ఇంట్లోంచి బయలుదేరిన తొమ్మిదో రోజున తిరిగి ఇంట్లో అడుగు పెట్టకూడదు, ప్రయాణ నవమి అంటారు. మా పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఈ నవమి వల్ల మేం తిరుపతిలో ఒకసారి, షిర్డీలో ఒకసారి అనవసరంగా ఉండిపోయాం. అందుకని ఈసారి శనివారం పొద్దున వెళ్లి, మళ్లీ శనివారం రాత్రికి వచ్చేట్టు మా ఆయన టికెట్లు తీశారు. అత్తమ్మ వేళ్ల కణుపుల మీద రెండుసార్లు లెక్కపెట్టి సరేనంది.

తిరుగు ప్రయాణం రోజు పదింటికి హోటల్ ఖాళీ చేశాం. వెళ్లాలనుకునేవారికి ఒక మాట: డా నాంగ్ విమానాశ్రయం ఊళ్లోనే ఉంది, సముద్రం ఒడ్డు హోటళ్ల నుంచి పావుగంట. శాకాహారులు పచ్చడి, అటుకులు వెంట తీసుకెళ్లడం మంచిది. ఎంత చెప్పినా అక్కడివాళ్లకు ప్రతి వంటలో పోసే చేపల సాసు మాంసం కిందికి రాదు. అత్తమ్మ వారమంతా సకినాలూ అరటిపళ్లూ తిని బతికింది.

పన్నెండూ నలభైకి బయలుదేరిన విమానం నాలుగున్నరకు కౌలాలంపూర్‌లో దింపింది. అక్కడి నుంచి ఎనిమిదిన్నరకు మా రెండో విమానం. ఏడింటికి వాన మొదలైంది. మామూలు వాన కాదు, అద్దాల అవతల ఉన్న విమానాలు కూడా కనబడలేదు. పిడుగులు పడుతుంటే విమానాల దగ్గరికి పనివాళ్లని పంపరట. బోర్డు మీద ఎనిమిదిన్నర కాస్తా పది అయింది, పది పదకొండున్నర అయింది, తర్వాత అంకెలే పోయాయి. అత్తమ్మ మొహం కూడా అలాగే మారుతూ వచ్చింది.

“తెల్లారితే ఐతారం. తొమ్మిదో దినం,” అంది.

నేను లెక్కల టీచర్ని. పైగా నడుము పీకుతోంది. “శనివారం నుంచి ఆదివారానికి ఎనిమిది దినాలే అత్తమ్మా. తీసివేత చేసి చూడుండ్రి,” అన్నాను.

“తీసివేతలు మీ బళ్లె. పురుడు ఎట్ల లెక్కవెడ్తరు? పుట్టిన దినాన్ని తీసేస్తరా?”

పక్క కుర్చీలో సికింద్రాబాద్‌లోనే గాజుల దుకాణం ఉన్న ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. అప్పటిదాకా కళ్లు మూసుకునే ఉన్నవాడు కాస్తా తెరిచి, “అమ్మ చెప్పిందే కరెక్టు మేడమ్. మొదటి దినం సుత పట్టాలె,” అని మళ్లీ మూసుకున్నాడు. ఆయన్ని ఎవరడిగారో నాకు ఇప్పటికీ తెలియదు.

అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న మా ఆయన చివరికి ఒక దారి కనిపెట్టారు. “దినం మారేది సూర్యుడు పొడిస్తేనే గదమ్మా? పొడవకముందే ఇంట్ల పడితే ఎనిమిదో దినమే గద?” అత్తమ్మ ఆలోచించి ఒప్పుకుంది. మా అమ్మాయి శ్రావ్య ఫోన్లో చూసి ఆదివారం సికింద్రాబాద్‌లో సూర్యోదయం ఐదూ నలభై మూడుకని చెప్పింది. ఇక అక్కడినుంచి మాది విహారయాత్ర కాదు, పరుగుపందెం.

అర్ధరాత్రి దాటాక వాన తగ్గి విమానం ఎగిరింది, శంషాబాద్‌లో నాలుగూ పదికి దిగాం. మాతోపాటు ఇంకో మూడు విమానాలు దిగినట్టున్నాయి, పాస్‌పోర్టుల వరసలో ఇసకేస్తే రాలనంత జనం. నాలుగూ నలభైకి అవతల పడ్డాం. మూడు సూట్‌కేసులు తొందరగానే వచ్చాయి. నాలుగోది, అత్తమ్మ తాడు కట్టిన ఎర్రది, అందరివీ అయిపోయాక నింపాదిగా వచ్చింది. నేను ట్రాలీ మీదే కూర్చుండిపోయాను. ఐదూ ఐదుకి కారెక్కాం.

“అన్నా, జెర జల్దీ పోనియ్యి,” అని మా ఆయన డ్రైవర్‌ని బతిమాలారు.

“జల్దీ అంటే ఎట్ల సార్, అంతట కెమెరాలున్నయ్. అంత అర్జంటేంది?”

శ్రావ్య సంగతంతా చెప్పింది. అతను ఆశ్చర్యపోలేదు. “మా అమ్మ సుత గింతే,” అని కాస్త వేగం పెంచాడు. ఎల్బీనగర్ దాటేసరికి ఆకాశం తెల్లబడింది. ఉప్పల్ దగ్గర మలుపు తిరిగి పడమటి దిక్కు పోతుండగా డ్రైవర్ తన అద్దంలోకి చూసి, “వచ్చేసిండు మేడమ్,” అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఎర్రగా, గుండ్రంగా వచ్చేశాడు. శ్రావ్య పక్కున నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆరింటికి మా గేటు ముందు ఆగాం. అత్తమ్మ అందరికంటే ముందు దిగి, గేటుకు వీపు ఆనించి నిలబడింది.

“అమ్మా, పదిహేడు నిమిషాలే గదా. ఆమె నిలబడలేకపోతుంది,” అన్నారు మా ఆయన.

“పదిహేడు నిమిషాలైనా తొమ్మిదో దినం తొమ్మిదో దినమే. రేపు పొద్దుగాల పోదం లోపలికి.”

ఇంతకాలం ఎప్పుడూ అత్తమ్మ మీద నోరెత్తలేదు. ఆ పొద్దున ఎత్తాను. తాళంచెవి చేతిలో ఉంది, మంచం పై అంతస్తులో ఉంది, నేను రోడ్డు మీదున్నాను. “మీ కొడుక్కి, మనవరాలికి ఏమన్న అయితదని మీ భయం. నేను ఈడనే పడిపోతే పర్వాలేదా? రేపు కోసేది నన్ను!” అని వాడంతా వినేట్టు అరిచాను. ఎదురింటి బాల్కనీలో పళ్లు తోముకుంటున్నాయన తోమడం ఆపేశాడు.

అత్తమ్మ కోపం తెచ్చుకోలేదు. “తిట్టు బిడ్డా, ఎంతనన్న తిట్టు. లోపలికి మాత్రం పోవద్దు,” అంది. అలా అనేవాళ్లతో ఎవరు వాదించగలరు? నాకు ఓపిక అయిపోయి కార్లో వెనక్కి వాలాను.

స్టేషన్ దగ్గర ఏదైనా లాడ్జిలో గది తీసుకుందామని బయలుదేరాం. రిసెప్షన్‌లో కుర్రాడు నాలుగు పాస్‌పోర్టులూ తిరగేశాడు. “లోకల్ అడ్రస్‌కు రూమ్ ఇయ్యం సార్,” అన్నాడు. మేం వియత్నాం నుంచే వస్తున్నామని మా ఆయన ముద్రలు చూపించారు. “వియత్నాం వాళ్లకైతే ఇస్తం సార్. మీది సీతాఫల్‌మండి గద,” అన్నాడు. రెండో లాడ్జిలోనూ అదే మాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేం రచ్చ బాగానే గెలిచాం, ఇంటి దగ్గరే ఓడిపోయాం.

అప్పుడు నాకు మర్సీ టీచర్ గుర్తొచ్చింది. మా బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైంది, మారేడ్‌పల్లిలో ఒక్కతే ఉంటుంది. ఆదివారం చర్చి కోసం పెందలాడే లేస్తుంది. ఫోన్ చేసి, సిగ్గు విడిచి సంగతి చెప్పాను. ఆమెది గుంటూరు వైపు. “అయ్యో, ఇంతసేపు రోడ్డు మీదున్నారా? మా ఇంట్లో నవములూ దశములూ ఏం లేవు గానీ తొందరగా వచ్చెయ్యండమ్మా,” అంది.

ఏడూ ఇరవైకి వాళ్లింట్లో ఉన్నాం. ఇడ్లీ పెట్టింది, తన మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. నేను పడుకుని కళ్లు మూయడమే తెలుసు. లేచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మర్సీ టీచర్ చర్చి నుంచి వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ముందు గదిలో అత్తమ్మ చాప మీద, చేతిని తలకింద పెట్టుకుని నిద్రపోతోంది.

“మీ అత్తగారు పొద్దున నాతోపాటు వీధి చివరిదాకా వచ్చారమ్మా,” అంది మర్సీ టీచర్, గొంతు తగ్గించి. “‘మీ చర్చిల సుత మా కోడలి గురించి జెర చెప్పుండ్రి టీచరమ్మా’ అన్నారు. చీటీ రాసి పాస్టరు గారికిస్తానన్నాను. నీ పేరొక్కటి చాలంటే వినరే! ఇంటిపేరు, మీ నాన్నగారి పేరు, ఆపరేషన్ టైము, అన్నీ దగ్గరుండి రాయించారు. ‘అదే పేరుగల్లోళ్లు ఇంకెవరన్నా ఉంటే, దీవెన వాళ్లకు పోతది గద’ అన్నారు.”

నాకు నవ్వొచ్చింది. మా అత్తమ్మ గుడి తప్ప ఇంకో గడప ఎక్కిన మనిషి కాదు. గేటు ముందు నేనన్న మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఆమె ఎవరికోసం భయపడుతోందో నాకు అప్పుడు తెలిసింది. చాలా సిగ్గేసింది. అయితే కోపం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వేరేవాళ్ల మంచం ఎంత మెత్తగా ఉన్నా మన మంచం కాదు.

సోమవారం ఐదూ నలభైకి మర్సీ టీచర్ గేటు దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. సామాన్లు తీసుకుని మా ఆయన, శ్రావ్య వెనక ఇంకో ఆటోలో వచ్చారు. సూర్యుడు కనబడ్డాకే అత్తమ్మ ఆటో ఎక్కింది. ఇల్లు చేరి స్నానం చేసి, ఆసుపత్రి కాగితాలు తీసుకుని, ఎనిమిదింటికల్లా వెళ్లాలి. ఎనిమిది రోజుల సెలవు, ఒక రోజు శిక్ష, నా ఇంట్లో నాకు మిగిలింది రెండు గంటలు. మొత్తం మీద ఈ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే, వియత్నాం బాగుంటుంది, వెళ్లండి, పెద్దవాళ్లతో వెళ్తే ఆరో రోజుకే తిరిగిరండి అంటాను.

రోడ్డు ఖాళీగా ఉంది. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆటో కుదుపులకు నా నడుము అదరకుండా. ఊరుకోలేక నేనే అడిగాను.

“దవాఖానల వారం పైనే ఉండాల్సి వస్తదన్నది డాక్టరమ్మ. తొమ్మిదో దినం ఇంటికి పొమ్మంటే ఏం చేద్దం అత్తమ్మా? మళ్ల మర్సీ టీచర్ ఇంటికేనా?”

ఎగతాళిగానే అడిగాను. ఆమె బొటనవేలు అలవాటుగా కణుపుల మీదికి పోయి, ఆగిపోయింది.

“తొమ్మిదో దినమైనా సరే, అమాస అయినా సరే,” అంది. “నువ్వు ఇంటికి రా బిడ్డా.”